మహారోగం, కృప – డిచ్‌పల్లి కథ

తెలుగునాట కొన్ని రోగాలను పేరు పెట్టి పిలవడానికి కూడా జనం జంకారు. మశూచిని అమ్మవారన్నారు. కుష్టును పెద్దరోగమన్నారు, మహారోగమన్నారు. మొదటి పేరులో భయంతో పాటు భక్తి ఉంది, బతిమాలుకోవడం ఉంది. రెండో పేరులో అదీ లేదు. అమ్మవారు వచ్చి, చల్లబడి, వెళ్లిపోతుంది. పెద్దరోగం వస్తే వెళ్లిపోవలసింది రోగి. ఇంట్లోంచి, ఊళ్లోంచి, బంధుత్వంలోంచి, చివరకు తన పేరులోంచి కూడా అతడు వెళ్లిపోయేవాడు.

అలా వెళ్లిపోయినవారి కోసం నిజామాబాదు జిల్లాలో ఒక చోటు ఏర్పడింది. గోదావరి ఒడ్డున పోచంపాడు ప్రాజెక్టు పక్కనున్న మెండోర నుండి జాతీయ రహదారి ఎక్కి దక్షిణంగా వస్తే, పసుపు కొమ్ములకు పేరు పడ్డ ఆర్మూరు ప్రాంతం దాటాక డిచ్‌పల్లి వస్తుంది. డిచ్‌పల్లి అనగానే నేటివారికి గుట్ట మీది రామాలయం, దాని శిల్పాలు, 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తాయి. నూరేళ్ల కిందట ఆ పేరుకు మరో అర్థం ఉండేది. మన జిల్లా పల్లెల్లో ఒకరిని డిచ్‌పల్లికి పంపారంటే, ఎందుకని ఎవరూ మళ్లీ అడిగేవారు కారు. ఆ చోటు గురించి, దాన్ని నిలబెట్టిన విశ్వాసం గురించి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను. ఇది మత ప్రచారం కాదు, మత ఖండనమూ కాదు. మనిషి దాటలేననుకున్న అడ్డంకిని దాటడంలో విశ్వాసం చేసిన పని ఎంత, మందు చేసిన పని ఎంత, ఇంకా మిగిలిపోయిన పని ఎంత అన్నదే నా ప్రశ్న.

ఇసబెల్ గన్ 1875 మే 30న స్కాట్లండు ఈశాన్య ప్రాంతంలోని ఎంజీ అనే పల్లెలో ఒక రైతు ఇంట పుట్టారు. ఆ తరంలో ఆడపిల్ల వైద్యం చదవడమే ఒక పోరాటం. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. వెస్లియన్ మెథడిస్టు సంఘానికి చెందిన జార్జి కెర్‌ను పెళ్లాడి, 1907లో భర్తతో కలిసి హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. ఆ సంఘం అప్పటికి పాతికేళ్లకు పైగా ఇక్కడ పనిచేస్తోంది. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ అనే మిషనరీ ఆధ్వర్యంలో 1914లో మొదలై, 1924 క్రిస్మస్ నాడు తెరుచుకున్న మహా దేవాలయం ఆ సంఘం కట్టినదే. కరువు రోజుల్లో కూలీ దొరకని పేదలకు ఆ కట్టడం పని చూపి అన్నం పెట్టిందని నేటికీ మెదక్‌లో చెప్పుకుంటారు.

వెస్లియన్ల గురించి ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఆ సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు. ఆయన ఆత్మ రక్షణ గురించి ఎంత చెప్పారో ఒంటి ఆరోగ్యం గురించీ అంత పట్టించుకున్నారు. 1746లో లండన్‌లో పేదలకు ఉచితంగా మందులిచ్చే కేంద్రం తెరిచారు. మరుసటి ఏడే సామాన్యులు తమంత తాము చేసుకోగల చికిత్సల పుస్తకం ఒకటి అచ్చు వేశారు. ఆయన బోధలో కేంద్రమైన మాట కృప. మనిషి దేవుణ్ణి వెతకక ముందే దేవుని కృప అతణ్ణి వెతుక్కుంటూ వస్తుందని ఆయన నమ్మిక. అర్హత చూసి ఇచ్చేది జీతం. అర్హత చూడకుండా ఇచ్చేది కృప. డిచ్‌పల్లి కథకు తాళం చెవి ఈ తేడాలోనే ఉంది.

అప్పటికి ఇందూరు అన్న పాత పేరు మరుగున పడి నిజామాబాదు అన్న కొత్త పేరు స్థిరపడుతోంది. అక్కడి మిషను వైద్యశాలలో పనిచేస్తున్న డాక్టర్ ఇసబెల్ కెర్ దగ్గరికి జ్వరాలతో, పుండ్లతో, కాన్పు కష్టాలతో జనం వచ్చేవారు. కుష్టు రోగులకు మాత్రం ఆ చుట్టుపక్కల దిక్కు లేదు. 1911లో ఆమె వారి కోసం నిజామాబాదులో ఒక చిన్న కేంద్రం తెరిచారు. తెరిచిన కొద్దికాలానికే అది నిండిపోయింది. వచ్చినవారిని తిప్పి పంపడం అంటే మళ్లీ చెట్టు కిందికి పంపడమే. ఇంకా పెద్ద స్థలం కావాలి, డబ్బు కావాలి. రెండూ లేవు.

ఈ ఘట్టంలో కథ ఒక మలుపు తిరిగింది. రాజా నర్సాగౌడ్ అనే సంపన్నుడైన హిందూ దాత ముందుకు వచ్చి పెద్ద మొత్తం విరాళంగా ఇచ్చారు. ఆ దానం ఆసరాతో డిచ్‌పల్లిలో కొత్త ఆసుపత్రి లేచింది. 1915లో, ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం మనుషుల్ని మింగుతున్న రోజుల్లో, అది పనికి దిగింది. విక్టోరియా రాణి పేరు పెట్టారు. సంగతి గమనించండి. ముస్లిం ప్రభువు పాలించే రాజ్యం, హిందువు ఇచ్చిన డబ్బు, క్రైస్తవ స్త్రీ చేతి మందు, తెలుగు రోగి శరీరం. ఈ నాలుగింటిలో ఏది తప్పినా డిచ్‌పల్లి ఉండేది కాదు. కృప ఏ దారిన వస్తుందో ముందుగా చెప్పలేమని విశ్వాసులు అంటారు. చరిత్రకారుడు అదే సంగతిని మరో మాటతో చెబుతాడు: మంచి పని ఏ ఒక్క మతానికీ సొంత ఆస్తి కాదు.

ఇక మందు సంగతి. కుష్టుకు కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు ఆర్మవర్ హాన్సెన్ 1873లోనే గుర్తించారు. అది వంశపాపం కాదని, దైవశాపం కాదని, ఒక క్రిమి చేసే పని అని అప్పుడే తేలింది. అయితే శత్రువు తెలిసినంత మాత్రాన ఆయుధం దొరకలేదు. ఆ క్రిమిని గాజు పాత్రలో పెంచడం ఈ రోజుకీ ఎవరికీ సాధ్యం కాలేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వైద్యుల చేతిలో ఉన్న ఒకే ఒక్క మందు మన అడవుల్లోదే. దాన్ని తెలుగులో అడవిబాదం అంటారు. సుశ్రుత సంహితలో తువరకం అన్న పేరుతో కుష్ఠ చికిత్సలో ప్రస్తావించిన చెట్టు ఇదేనంటారు. దాని గింజల నూనెను, దాని చుట్టపు చెట్టు చాల్‌మోగ్రా నూనెను తరతరాలుగా తాగించేవారు, పూసేవారు. తాగితే కడుపులో నిలవదు, వాంతి అవుతుంది. పూస్తే లోపలికి దిగదు. ఆ నూనెనూ దాని లవణాలనూ సూదిమందుగా మార్చి ఎక్కించే పద్ధతిని కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటి వైద్యులు మెరుగుపరిచారు. మ్యూర్ కూడా స్కాట్లండు మిషనరీ వైద్యుడే. ఆయన పద్ధతిని ఇసబెల్ కెర్ అందిపుచ్చుకుని డిచ్‌పల్లిలో అమలు చేశారు. వారానికోసారో రెండుసార్లో, నెలల తరబడి, తరచు ఏళ్ల తరబడి ఆ సూదులు వేయాలి. సూది వేసిన చోటు వాచిపోయేది, నొప్పి పెట్టేది. ఇసబెల్ చేసినది ఏదో ఒక్క రోజు జరిగిన అద్భుతం కాదు. వందల మంది చేత ఆ నొప్పిని వారం వారం ఓపికగా భరింపజేయడమే ఆమె పని.

మందుకు తోడుగా మంచి తిండి, ఒంటికి పని, శుభ్రత, ఇతర జబ్బులకు వైద్యం ఉంటేనే ఫలితం ఉంటుందని మ్యూర్ పట్టుబట్టి చెప్పారు. ఈ ‘ఒంటికి పని’ అన్న మాటను తక్కువగా అంచనా వేయకూడదు. పెద్దరోగం సోకిన మనిషికి ఊరు మొదట తీసేసేది పనినే. అతను ముట్టిన ధాన్యం కొనరు, అతను నేసిన బట్ట కట్టరు. చేయి చాచి అడుక్కోవడం ఒక్కటే మిగులుతుంది. అలాంటి మనిషి చేతికి మళ్లీ పార ఇవ్వడం అతని మనిషితనాన్ని తిరిగి అతని చేతిలో పెట్టడమే.

ఆ రోజుల్లో ఇటువంటి ఆశ్రమాలకు రెండు నమూనాలు ఉండేవి. ఒకటి చట్టం చేసిన నమూనా. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్టురోగుల చట్టం దిక్కులేని రోగిని పట్టుకుని ఆశ్రమంలో పెట్టే అధికారం ఇచ్చింది. లోకాన్ని రోగి నుండి కాపాడడం దాని ఉద్దేశం. రెండోది డిచ్‌పల్లి వంటి చోట్ల రూపు కట్టిన నమూనా. రోగిని బాగుచేసి లోకానికి తిరిగి ఇవ్వడం దాని ఉద్దేశం. మొదటిదానికి గోడ కావాలి. రెండోదానికి నమ్మకం కావాలి.

ఆ నమ్మకం ఎక్కడి నుండి వచ్చింది? ఇసబెల్ దంపతులకు అది బైబిలు నుండి వచ్చింది. కానీ బైబిలు ఈ విషయంలో మనం అనుకున్నంత మెత్తని గ్రంథం కాదు. లేవీయకాండం పదమూడో అధ్యాయం ప్రకారం ఆ రోగి బట్టలు చింపుకోవాలి, పై పెదవి కప్పుకోవాలి, తాను అపవిత్రుణ్ణని తానే కేకలు వేయాలి, పాళెం వెలుపల ఒంటరిగా నివసించాలి. అక్కడి హీబ్రూ మాట నేటి కుష్టు ఒక్కదానికే చెందదని పండితుల అభిప్రాయం. బట్టలకూ ఇంటి గోడలకూ పట్టే మచ్చలను కూడా ఆ గ్రంథం అదే మాటతో పిలిచింది. అనువాదాల్లో ఆ మాట కుష్ఠంగా మారడంతో, పాత శాపమంతా వచ్చి ఈ ఒక్క రోగం మీద పడింది. వెలివేతకు మన పల్లెల్లో కర్మ సిద్ధాంతాన్ని సాక్ష్యానికి పిలిచారు, క్రైస్తవ దేశాల్లో లేవీయకాండాన్ని పిలిచారు. సాక్షులు వేరు, తీర్పు ఒకటే.

కొత్త నిబంధనలో తీర్పు మారింది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఒక కుష్ఠరోగి యేసు ముందు మోకాళ్లూనాడు. యేసు అతణ్ణి బాగుచేయడానికి మాట ఒక్కటి చాలు. అయినా ముందుగా చేయి చాపి అతణ్ణి ముట్టుకున్నాడు. ఆ వరుస ముఖ్యమైనది. శుద్ధుడయ్యాక ముట్టుకోలేదు, ముట్టుకున్నాక శుద్ధుడయ్యాడు. అర్హత ముందు, ఆదరణ తరువాత అన్న లోకపు లెక్కను ఆ స్పర్శ తిరగేసింది. డిచ్‌పల్లిలో జరిగిన పనికి వ్యాఖ్యానం కావాలంటే ఈ ఒక్క ఘట్టం చాలు. ఏళ్ల తరబడి అమ్మ చేయి కూడా తగలని ఒంటికి ఒక వైద్యురాలి చేయి తగిలింది. సూది పట్టుకునే ఆ చేయే మొదటి మందు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది, రావాలి కూడా. నిస్సహాయుడికి అన్నం పెట్టి మతం మార్చడం న్యాయమా? ఆకలితో ఉన్నవాడి ఒప్పుకోలుకు విలువెంత? మిషనరీలు తమ దేశాలకు రాసుకున్న నివేదికల్లో బాప్తిస్మాల లెక్కలు ఉండేవన్నది నిజం. రాణి పేరు తలకెత్తుకున్న ఆసుపత్రికి సామ్రాజ్యపు నీడ లేదని అనడమూ కష్టమే. కానీ ఎదుటి పక్షం కూడా చూడాలి. ఆ రోగులను మతం మార్చుకోకుండా ఆపడానికి వారి పాత సమాజం వారికి ఏమి మిగిల్చింది? కులం నుండి వారిని ముందే తీసేశారు. గుడి గడప ముందే మూసుకుంది. రోగం సోకినవారిలో రెడ్లూ, కోమట్లూ, మాలలూ, మాదిగలూ, ముస్లిములూ ఎవరైనా ఉండవచ్చు. వెలి పడ్డాక వారంతా ఒకే కులం. అలాంటివారు కొత్త దేవుణ్ణి వెతుక్కుంటే, దానిలో ప్రలోభం పాలెంత, ఆకలి పాలెంత, నిజమైన మార్పు పాలెంత అని నూరేళ్ల తరువాత మనం తూకం వేయలేం. అన్నం పెట్టినవారి ఉద్దేశాన్ని ప్రశ్నించే హక్కు ఒకప్పుడు అన్నం పెట్టగలిగీ పెట్టని వారికి కాస్త తక్కువగానే ఉంటుందని మాత్రం అనిపిస్తుంది. నర్సాగౌడ్ మాత్రం తన మతం తనకు ఉంచుకునే పెట్టారు.

1923లో ఇసబెల్ కెర్‌కు ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు. మన దేశానికి వచ్చి పాతికేళ్లు. అందులో ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క రోగంతోనే గడిచాయి.

ఆమె చేసిన పనిని ఈనాటి వైద్యశాస్త్రం ఎలా అంచనా వేస్తుంది? ఇక్కడ నిజాయితీ అవసరం. అడవిబాదం నూనె తొలి దశ రోగుల్లో కొంత మేలు చేసినట్టు కనిపించినా, ముదిరిన రోగాన్ని తిప్పలేకపోయింది. 1940లలో సల్ఫోన్ మందులు రాగానే వైద్యులు ఆ నూనెను వదిలేశారు. అమెరికాలోని కార్‌విల్‌లో 1941లో ప్రోమిన్‌తో మొదలైన ఆ మార్గం, డాప్సోన్ అనే చవకైన మాత్ర దాకా వచ్చింది. ఆ మాత్రను నోటి ద్వారా తక్కువ మోతాదులో ఇవ్వవచ్చని నిరూపించినవారిలో ముఖ్యుడు డాక్టర్ జాన్ లో. ఆయన నైజీరియాలోని ఉజువాకోలిలో ఆ పరిశోధన చేశారు. అంతకుముందు కలకత్తాలో పనిచేశారు. దానికీ ముందు ఆయన కుష్టు వైద్యం చేసినది ఎక్కడో తెలుసా? మన డిచ్‌పల్లిలోనే. మన పొలాల మధ్య ఒక వైద్యుడు నేర్చుకున్న ఓపిక ఆఫ్రికాలో లక్షలమందికి మాత్రగా మారింది. డాప్సోన్‌కు కూడా క్రిమి లొంగడం మానేశాక, మూడు మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రోగ రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే చాలు.

అయితే ఇసబెల్ ఇచ్చిన నూనె అంత బలహీనమైనదే అయితే, ఆమె విశ్వాసం వృథా అయిందా? విశ్వాసమంటే ఫలితం మీద పెట్టిన పందెం అనుకుంటే వృథానే. కానీ కృపకు బైబిలు ఇచ్చిన అర్థం అది కాదు. అపొస్తలుడైన పౌలు తన ఒంట్లో గుచ్చుకున్న ముల్లును తీసేయమని మూడుసార్లు ప్రార్థించాడు. ముల్లు పోలేదు. కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలోని ఆ ఘట్టం ఆనాటి డిచ్‌పల్లి రోగికి తన కథలాగే వినిపించి ఉంటుంది. క్రిమి చచ్చినా పోయిన వేళ్లు తిరిగి రావు, చచ్చుబడ్డ నరం మళ్లీ పలకదు. అడ్డంకిని తొలగించడం వేరు, అడ్డంకితో బతకగల బలం ఇవ్వడం వేరు. మొదటిది మందు చేయవలసిన పని. మందు చేతకాని రోజుల్లో రెండోదాన్ని డిచ్‌పల్లి ముప్పై ఏళ్ల పాటు చేసింది. సరైన మాత్ర వచ్చేనాటికి దాన్ని అందుకోవడానికి రోగులూ వైద్యులూ ఆసుపత్రీ సిద్ధంగా ఉన్నారంటే, ఆ ముప్పై ఏళ్ల ఓపికే కారణం.

మూడో అడ్డంకి అన్నిటికన్నా మొండిది. అది ఇంటి గడప. ఆసుపత్రి బాగైందని రాసిచ్చిన కాగితాన్ని ఊరు నమ్మదు. చట్టం కూడా చాలాకాలం నమ్మలేదు. దేశంలో ఈ రోగం పదివేల మందికి ఒకరి కన్నా తగ్గిందని 2005 చివర లెక్క తేలినా, 1898 నాటి చట్టం పుస్తకాల్లో 2016 దాకా కదలలేదు. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధన 1955 హిందూ వివాహ చట్టంలో ఉండేది. 2001లో క్రైస్తవుల విడాకుల చట్టాన్ని సవరించినప్పుడు కూడా, ఆరు నెలల మాత్రలతో పోయే రోగాన్ని నయం కానిదిగా రాసి విడాకుల కారణాల్లో చేర్చారు. కుష్ఠరోగిని ముట్టుకున్న ప్రభువు పేరు చెప్పుకునే సంఘానికి వర్తించే చట్టంలో ఆ మాట అలా చేరింది. అన్ని మతాల వ్యక్తిగత చట్టాల నుండీ ఆ నిబంధనను తీసేసినది 2019లో. క్రిమిని మందు జయించాక చట్టం మారడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. మనసు మారడానికి ఎంత పడుతుందో తేదీ వేసి చెప్పగలిగే చరిత్రకారుడు లేడు.

లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడతారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడు కూడా పరజాతివాడు. మిగిలిన తొమ్మిదిమందినీ కృతఘ్నులని ప్రసంగాల్లో తిడుతుంటారు. డిచ్‌పల్లి చరిత్ర తెలిశాక నాకు ఆ తొమ్మిదిమంది మీద కోపం రాదు. వాళ్లు ఇంటికి పరుగెత్తి ఉంటారు. తలుపు తెరుస్తారో లేదో చూసుకోవాలి కదా!

చివరగా ఒక ప్రయోజనకరమైన మాట. ఈ రోగం మాయమైపోలేదు. 2022–23లో కూడా మన దేశంలో లక్షకు పైగా కొత్త రోగులను గుర్తించారు. ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో వచ్చి, అక్కడ గిల్లినా స్పర్శ తెలియకపోతే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. మందులు ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే అంటించే గుణం పోతుంది. పైగా మనలో అత్యధికులకు ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంది. మెండోరలోనైనా, మరే ఊళ్లోనైనా, మచ్చను దాచుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. దాచుకునేలా చేసేది రోగం కాదు, మనం చూసే చూపు. డిచ్‌పల్లి వైద్యురాలు నూరేళ్ల కిందట సరైన మందు చేతిలో లేకుండానే చేయి చాపారు. ఈనాడు సరైన మందు ఉంది. చాపవలసినది చేయి ఒక్కటే.